మెడబెల్టు, పిండిదీపం

"ఏమప్పా, అట్ల మొత్తం తిరిగి సూస్తాండావు? సిగ్గు లేదా?"

మదనపల్లె కోర్టు వరండాలో బెంచీ మీద కూర్చున్న దామోదర్ ఉలిక్కిపడ్డాడు. ఆ ఉలికిపాటు కూడా నడుము పైనుంచి మొత్తంగానే. మెడకి బెల్టు ఉంది మరి.

"నిన్ను కాదమ్మా. నీ ఎనక గోడకి గడియారం ఉండాది."

"గడియారం సూసేదానికి అంతసేపా?"

"ముల్లు కదల్లా. నన్నేం చెయ్యమంటావు?"

గడియారం నిజంగా ఉందో లేదో చూద్దామని ఆమె కూడా తిరిగింది. ఆమె కూడా మొత్తం తిరిగింది. అప్పుడు కనిపించింది, ఆమె మెడకీ బెల్టు.

"నువ్వు ఆ కారులో కిటికీ పక్కన కూసోనుండిన అమ్మాయివి గదా?"

"నా కాలు తొక్కి సారీ గూడా చెప్పనోడివి నువ్వేనా?"

అవును, వాడే. పుంగనూరు నుంచి మదనపల్లె వస్తున్న షేర్ కారులో వెనక సీటు. పక్కపక్కన ఇద్దరు, ఒకరి పేరు ఒకరికి తెలియదు. దారికి గొర్రెల మంద అడ్డమొచ్చింది, డ్రైవరు బ్రేకు వేశాడు, వెనకనుంచి ఒక పెద్ద కారు వచ్చి గుద్దింది. రక్తం రాలేదు. ఎముక విరగలేదు. రెండు మెడలు మాత్రం పోయాయి. రక్తం రాకపోవడమే వాళ్ళు చేసిన నేరం. ఇన్సూరెన్స్ కంపెనీకి ఫోటోలో కనపడే దెబ్బ కావాలి. నొప్పికి ఫోటో ఎవడు తీస్తాడు?

ఆమె పేరు ప్రసన్నలక్ష్మి. ఊరు సోమల దగ్గర. పుంగనూరులో గార్మెంట్స్ యూనిట్‌లో చొక్కాలు కుట్టేది. మిషను ముందు మెడ వంచలేకపోయేసరికి ఉద్యోగం పోయింది. దామోదర్‌ది కుప్పం పక్క పల్లె. ఇంట్లో ఆవులు, బయట పాలవ్యానులో పని. క్యాన్లు ఎత్తి వ్యానులో పెట్టాలి. మెడలో నరం నలిగి కుడి చెయ్యి లేవడం లేదు. కూర్చోబెట్టి జీతం ఎవడిస్తాడు?

అందుకే ఇద్దరూ నష్టపరిహారం కోసం కోర్టుకెక్కారు. ఎక్కారంటే ఎక్కారంతే. దిగడం వాళ్ళ చేతుల్లో లేదు. పొద్దున్నే బస్సెక్కి రావాలి, బెంచీ మీద కూర్చోవాలి, పేరు పిలిస్తే లేవాలి. కంపెనీ వకీలు ఇంకో ఊళ్ళో ఉన్నానంటాడు. వాయిదా. మళ్ళీ వస్తే కాగితం రాలేదంటాడు. వాయిదా. మనిషిని కొట్టకుండా, తిట్టకుండా విసిగించి చంపే పద్ధతి ఇది. విసిగిపోయినవాడు ఎంతిస్తే అంత తీసుకుని పోతాడని వాళ్ళకి తెలుసు.

మిగతా ప్రేమకథల్లో ఓరచూపులుంటాయి. వీళ్ళకి ఆ సౌకర్యం లేదు. చూడాలంటే మొత్తం మనిషి తిరగాలి. తిరిగితే వరండాకంతా తెలిసిపోతుంది. అందుకని ఎదురుగోడని చూస్తూ మాట్లాడుకునేవారు.

"మీ ఆవులు నిన్ను గుర్తుపడతాండాయా?"

"యాడ! బెల్టు సూసి బెదురుతాండాయి. నాకూ పలుపు కట్టినారనుకున్యాయేమో, జాలిగా సూస్తాండాయి."

ఆమెకి నవ్వొచ్చింది. నవ్వితే మెడ లాగింది. "నవ్వించొద్దప్పా, నొస్తాది," అని కళ్ళు తుడుచుకుంది.

ఆమె తల్లి ప్రమీలమ్మ వెంట వచ్చేది. తెచ్చిన సంగటిలో సగం దామోదర్‌కి పెట్టి, "తినరా అబ్బీ, ఎండిపోయినావు," అనేది.

ఒక వాయిదా రోజు వాన. వరండా రేకుల మీద ఎవరో గులకరాళ్ళు పోస్తున్నట్టు మోత. జల్లు లోపలికి కొట్టింది. జనమంతా జరిగారు. వీళ్ళిద్దరూ జరగడానికే ఓపిక లేక తడుస్తూ కూర్చున్నారు.

"వచ్చే మంగళారం మా ఊరి గంగమ్మ జాతర. రా. కోడికూర తిని పో," అంది ప్రసన్న.

"నువ్వేం చేస్తావు జాతరలో?"

"దీపం మొయ్యాల. కారు గుద్దిన రోజు ఆస్పత్రి బయట నిలబడి మాయమ్మ మొక్కుకునింది, బిడ్డ బతికితే నెత్తిన పిండిదీపం మోయిస్తానని. నా నెత్తిని అడగనే లేదు."

"డాక్టరు బరువు వద్దన్యాడు గదా?"

"బెల్టుతో పోతే అమ్మవారికి మర్యాద గాదంట. మాయమ్మతో నువ్వు మాట్లాడు సూద్దాం."

మాట్లాడలేదు. జాతరకి వెళ్ళాడు.

ఇత్తడి తట్ట. బియ్యప్పిండి, బెల్లం కలిపి చేసిన దీపం. దాన్నిండా నెయ్యి. పలక డప్పులు మోగుతున్నాయి. బెల్టు తీసేసి, చేతులు జోడించుకుని నడుస్తోంది ప్రసన్న. ఆమె మెడని అతను చూడటం అదే మొదటిసారి. అందంగా ఉంది. వణుకుతోంది కూడా. పెదవి కొరుక్కుంటోంది.

దామోదర్‌కి ఇక ఆలోచన లేదు. వెనకనుంచి వెళ్ళి రెండు చేతులూ పైకెత్తి తట్టని పట్టుకున్నాడు. వెంట్రుకలకి ఆనుతూ ఉండాలి, బరువు మాత్రం ఆనకూడదు. అంతే ఎత్తాడు.

పలకల మోత ఒక్క క్షణం తడబడింది. ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కెంపమ్మ అనే ముసలామె బోసినోటితో నవ్వింది. "మంచి చెయ్యే పడిందే ప్రమీలా!"

మెచ్చుకుంటోంది కాబోలు అనుకున్నాడు దామోదర్. గుడిదాకా పట్టుకునే నడిచాడు. భుజంలో నిప్పులు పోసినట్టుంది. ఆ తర్వాత వారమంతా ఎడమచేత్తోనే తిన్నాడు.

అప్పట్నుంచీ అంతా తేడాగా అయిపోయింది. వాయిదాకి వస్తే ప్రసన్న బెంచీకి ఆ చివర కూర్చుంది. ప్రమీలమ్మ అతన్ని చూడగానే లేచి నిలబడి, కొంగు కప్పుకుని, "మీరు బాగుండారా?" అంది. సంగటి డబ్బా కూతురి చేత పంపింది. అబ్బీ లేదు, ఒరే లేదు.

మనుషులకి మరీ కోపమొస్తే ఇట్లాగే మర్యాద ఎక్కువవుతుంది అనుకున్నాడతను. జాతరలో అందరి ముందూ పిల్లకి అంత దగ్గరగా నడిచాడు గదా, తప్పే అనుకున్నాడు. నోరు మూసుకున్నాడు. అతను మూసుకున్నకొద్దీ ఆ చివర ఆమె మొహం ఇంకా వాడిపోయింది.

ఆఖరికి ఒకరోజు కేసు నడిచింది. కంపెనీ వకీలు హుషారుగా ఫోన్ తీసి జడ్జి మేడంకి జాతరలో ఎవరో తీసిన వీడియో చూపించాడు.

"మెడ కదలదని క్లెయిమ్ వేసిన అమ్మాయి మేడం. తలమీద దీపం పెట్టుకుని ఊరేగింది. బెల్టు కోర్టుకి వచ్చేటప్పుడు మాత్రమే."

ప్రసన్న బిగుసుకుపోయింది. వాళ్ళ వకీలు భీమరావు ఫైలు మూశాడు. "మునిగిపోయిందమ్మా," అన్నాడు మెల్లగా.

వెనక బెంచీలోంచి దామోదర్ లేచాడు. "మేడం, ఆ దీపం బరువు ఆమె మోయలా. నేను మోసినా."

భీమరావే అతనికీ వకీలు. చొక్కా పట్టి లాగాడు. "కూర్చోవయ్యా! చెయ్యి లేవదని గదా నీ కేసు. నోరు తెరిస్తే నీది పోతుంది."

"పోనీ సార్. యిసుగొచ్చింది."

వెళ్ళి బోనులో నిలబడ్డాడు. "నా మొగం కనపడకుండా వీడియో పైన కోసినారు మేడం. అయినా తట్ట అంచు సూడండి. చేతి యేళ్ళు కనపడతాండాయి. ఆమె చేతులు రెండూ దండం పెట్టుకోనుండాయి. మరి ఆ యేళ్ళు ఎవురివి?"

జడ్జి ఫోన్ దగ్గరికి తీసుకుని చాలాసేపు చూసింది. కంపెనీ వకీలు అతని మీదికి తిరిగాడు.

"చెయ్యి భుజం దాటి లేవదన్నావే?"

"లేస్తాది సార్. లేపితే వారం పనికిరాదు. అంతే తేడా."

"అంత నొప్పి ఓర్చుకుని పట్టుకోవడానికి ఆమెకి నువ్వేమవుతావు?"

"ఏమీ కాను సార్. పక్క సీటు."

హాలంతా నవ్వింది. ప్రమీలమ్మ మాత్రం ఒక్క ఉదుటున లేచింది.

"ఏమీ గాకుండా తట్టకి చెయ్యి యాల ఏస్తివప్పా? నాకా తోడబుట్టినోళ్ళు లేరు. మా ఊళ్ళో ఆడబిడ్డ దీపానికి చెయ్యేసేది మేనమామ, లేదంటే కట్టుకోబొయ్యేవోడు. ఊరంతా సూసినాది! ఈ పొద్దు పెద్దోళ్ళని తెస్తాడు, రేపు తెస్తాడని నా బిడ్డ ఎదురుచూస్తా ఉండాది!"

దామోదర్ బోను కమ్మీ పట్టుకున్నాడు. "మా కుప్పం తట్టు దారిన పొయ్యేవోడైనా పట్టుకుంటాడమ్మా. నాకు తెలీదు... ఒట్టు, నాకు తెలీదు."

ప్రమీలమ్మ కూలబడింది. ప్రసన్న తల దించుకుందామంటే బెల్టు దించుకోనివ్వలేదు. కళ్ళు మాత్రం దించింది.

"చూడండి," అంది జడ్జి. గొంతు కటువుగా ఉంది, కళ్ళు అట్లా లేవు. "టైపిస్టు ఆగింది. సంబంధం ఏమని రాయమంటారు?"

దామోదర్ బోనులో మొత్తం వెనక్కి తిరిగాడు.

"ప్రసన్నా. ఏమని చెప్పేది?"

ఆమె తల ఊపబోయింది. ఊగలేదు. అందుకని లేచి నిలబడి, చేతులు కట్టుకుని, నడుము దగ్గర్నుంచి మొత్తం ముందుకి వంగింది.

"కట్టుకోబొయ్యేవాడు అని రాయండి మేడం," అన్నాడు దామోదర్.

తీర్పుకి వాయిదా పడింది. పడకుండా ఎట్లా ఉంటుంది?

సాయంత్రం పుంగనూరు బస్సు. ముందు సీట్లో ప్రమీలమ్మ ఒళ్ళో ఖాళీ డబ్బా పెట్టుకుని కునుకుతోంది. వెనక సీట్లో ఇద్దరూ కరెంటు స్తంభాల్లా ముందుకే చూస్తూ కూర్చున్నారు. కిటికీకి సన్నగా వాన కొడుతోంది.

"నా కేసు నిలబడతాదంట. నీది సగానికి సగం కోస్తారని భీమరావు సారు అన్యాడు," అంది ప్రసన్న.

"కోయనీ."

"క్యాన్లు ఎత్తలేవు. ఏం జేస్తావు?"

"ఆవులుండాయి గదా. పాలు పిండేది ఎడమచేత్తో నేర్చుకుంటాండాను. నువ్వు?"

"మిషను ఎత్తు పెంచి నిలబడి కుట్టొచ్చేమో సూడాల." బెల్టు సర్దుకుంది. "అలిసిపోయినానప్పా."

"నేనూ."

ఆమె అతని భుజం మీద తల వాల్చబోయింది. రెండు బెల్టులూ టక్కుమని తగిలాయి. ఇద్దరూ మళ్ళీ నిటారుగా కూర్చున్నారు. కాసేపటికి సంచి కింద ఆమె చెయ్యి అతని చేతిలోకి వచ్చింది. పనిచెయ్యని చేతిలోకి.

అతను నడుము దగ్గర్నుంచి మొత్తం తిరిగాడు. బస్సు బస్సంతా చూసింది.

"ఏమప్పా, అట్ల మొత్తం తిరిగి సూస్తాండావు?"

"ఈ తూరి నీ ఎనక గడియారం లేదు."