హంసలదీవిలో మాయమైన అచ్చు

వ్యాను డ్రైవరు సత్తిబాబు మోటారుసైకిలు స్టాండు కూడా సరిగా వేయకుండా లోపలికి వచ్చిపడ్డాడు.

“ప్రసాద్ గారూ, ఐదింటికల్లా ఆ అచ్చు కనబడకపోతే నన్ను పోలీసులకి అప్పజెప్తారంటండీ! కేసు పడితే ఇంక నాకు వ్యానెవరిస్తారండీ?”

అవనిగడ్డలో ప్రైవేటు డిటెక్టివ్ అంటే ఈశ్వరప్రసాద్ ఒక్కడే. అప్పటికే మూడయింది. కారులో దారి పొడుగునా ఆయన అడుగుతూనే ఉన్నాడు. సహాయకురాలు నవ్య రాసుకుంటూ, వాచీ చూసుకుంటూ, కుదురుగా కూర్చోలేకపోయింది.

సంగతేమిటంటే, పొద్దున్నే పెడన నుంచి యాత్రికుల వ్యాను బయల్దేరింది. ఘంటసాల బౌద్ధస్తూపం చూసి, హంసలదీవి మడ అడవులకు వచ్చారు. కలంకారీ అద్దకం మేస్త్రి కోదండరామయ్య తన తాత చెక్కిన కొయ్య అచ్చును యాత్రికులకు చూపిద్దామని తెచ్చుకున్నాడు. దాన్ని తుప్పుపట్టిన ఇనప్పెట్టెలో పెట్టి, వెనక సీటు కిందికి తానే తోశాడు. ఆ తర్వాతే అందరికీ తలా ఒక చేతిరుమాలు పంచాడు. అద్దకం కోసం కరక్కాయ నీళ్ళలో ముంచి ఆరబెట్టిన గుడ్డలవి. పడవ షికారు ముగించుకుని వచ్చేసరికి పెట్టె ఖాళీ. వ్యాను దగ్గర ఉన్నది సత్తిబాబు ఒక్కడే, అదీ నీడన కునుకు తీస్తూ. పడవ ఎక్కబోతూ వ్యాను దాకా వచ్చి వెళ్ళినవాళ్ళు ఇద్దరు.

ఒడ్డున గాలి ఈడ్చి కొడుతోంది. ఈశ్వరప్రసాద్ ముందు గుడ్లవల్లేరు కాలేజీ పిల్ల హాసినిని పిలిచాడు.

“ఎందుకొచ్చావమ్మా?”

“టోపీ కోసం అంకుల్. ముందు సీట్లోనే ఉంది.”

“రుమాలు అంత నల్లగా ఉందే?”

“బురదలో జారిపడ్డానండీ. అందరూ నవ్వారు కూడా!”

తర్వాత గైడు నరేంద్ర. “నేను లైఫ్ జాకెట్ల సంచి కోసం వచ్చానండీ. ఆ పెట్టె ముట్టుకోలేదు, అసలెలా ఉంటదో కూడా తెల్దు.” అతని రుమాలు ఉతికి వ్యాను అద్దానికి ఆరేసి ఉంది. దాని మీద నల్లటి చారలు. “దివిసీమలో పుట్టాక బురద అంటకుండా ఉంటదేంటండీ మరి!”

నాలుగున్నరకు అందరినీ వ్యాను చుట్టూ చేర్చి, ఈశ్వరప్రసాద్ బకెట్టు నీళ్ళు తెప్పించాడు. హాసిని రుమాలు ముంచి నలిపితే బురదంతా వదిలిపోయింది. నరేంద్రది సబ్బు పెట్టి రుద్దినా చార కదలలేదు.

“మేస్త్రి గారూ, ఇంకో గుడ్డ ఉందా?” దాన్ని తడిపి, పెట్టె గొళ్ళేనికి గట్టిగా రుద్దాడు. లేత పసుపు గుడ్డ అందరూ చూస్తుండగానే నల్లబడింది.

“కరక్కాయకి ఇనుము తగిలితే అంతేనండీ,” అన్నాడు కోదండరామయ్య. “మా నలుపు రంగు పుట్టేదే అలాగ.”

“గొళ్ళెం బిగుసుకుపోయింది, నరేంద్రా. చెమటతో తడిసిన రుమాలేసి లాగావు. రుమాళ్ళు పంచింది పెట్టె ఎక్కించాక. ముట్టుకోనిదే ఈ మరక రాదు. నల్లగా కనబడితే బురదేననుకోవడం నీకు పుట్టినప్పటినుంచీ అలవాటు. అందుకే దాచకుండా ఆరేశావు. నవ్యా, ఆ జాకెట్ల సంచి చూడు.”

అచ్చు అడుగున దొరికింది. “హైదరాబాదులో పాత సామాను కొనేవాళ్ళు అడిగారండీ,” అన్నాడు నరేంద్ర తల దించుకుని.

“ఇదంతా మీకెప్పుడు తట్టిందండీ?” నవ్య అబ్బురంగా అడిగింది. ఆయన నవ్వి, నరేంద్ర రుమాలు మళ్ళీ వ్యాను అద్దానికి ఆరేశాడు.

కోదండరామయ్య సత్తిబాబు చెయ్యి పట్టుకున్నాడు. “నిన్నే దొంగవనుకున్నాను నాయనా.”

సత్తిబాబు చెయ్యి విడిపించుకుని స్టీరింగు ముందు కూర్చున్నాడు. తర్వాత పక్క సీటు దులిపాడు.

“ఎక్కండి బాబాయ్ గారూ. ఈసారి మాత్రం ఆ పెట్టె మీ ఒళ్ళోనే పెట్టుకోండి.”