మురికి నీళ్ళనుకున్న జవాబు

"ఆగాగు అమ్మడూ, నీ పాఠంలో ఆ జంట కణాల దగ్గర ఆగు. అక్కడో పెళ్ళి కథుంది. నేను చెబుతా, నువ్వు రాసుకో."

ఓ కాలేజీ తోటలో కుర్ర తోటమాలి ఉండేవాడు. ఒకరోజు ల్యాబులో పనిచేసే అమ్మాయి బ్లేడు పట్టుకొచ్చి, వాడు కంటికి రెప్పలా పెంచుకున్న చామంతి కాడ కోసేసింది.

"ఏమండోయ్! అది మొక్కనుకున్నారా, దోసకాయనుకున్నారా?"

"ఒక్క కాడకే అంత అరుపా? రండి, మీ మొక్క లోపలి సంసారం చూపిస్తా."

మైక్రోస్కోపులో కన్ను పెట్టాడు. ఆమె రంగులద్దిన కాడ ముక్కలో ఎర్రటి గొట్టాలు.

"నిగనిగలాడుతున్నాయి. ఇవేగా బతికున్నవి?"

"అవే చచ్చిపోయినవి! లోపల ఖాళీ అయితేనే వేరు నీళ్ళు పైకెక్కేది. బతికున్నవి పక్కన, ఆకుపచ్చగా. ఆ పెద్దది ఆకు వండిన తిండి మోస్తుంది. కానీ దానికి కేంద్రకం లేదు, అంటే సొంత బుర్ర లేదన్నమాట. ఆనుకుని చిన్నదుంది చూడండి, సహకణం. దాని బుర్రతోనే ఇది బతికేది."

"పెద్దది అచ్చం నాలాగే ఉందే!"

ఆ పిల్ల పకపకా నవ్వింది. ఆ నవ్వు కోసం మర్నాటి నుంచి కాడలు వాడే కోసి తెచ్చిచ్చాడు.

ఇంతలో ఆమె ల్యాబు పని అయిపోవచ్చింది. ఇక ఊరెళ్ళిపోతుంది. వాడికి ముద్ద దిగలేదు. ఓ తెల్ల చామంతి చేతికిచ్చి, నేల చూస్తూ అడిగేశాడు.

"నాకు సహకణంగా ఉంటారా?"

ఆమె ఈసారి నవ్వలేదు.

"ఈ పువ్వు నా బల్ల మీద ఉంచుతా. రంగు మారితే సరేనని. మారకపోతే లేదని. రేపొద్దున చూసుకోండి."

సాయంత్రం ల్యాబు తలుపులు వేయడానికెళ్ళి చూస్తే, గ్లాసులో పువ్వు, దాని కాడ చుట్టూ ఎర్రటి నీళ్ళు.

"అయ్యో, పువ్వుకి మురికి నీళ్ళు పోసిందెవరు?" అంటూ పారబోశాడు. కాడ చివర కత్తిరించి మంచినీళ్ళు పోశాడు. తోటమాలి చెయ్యి ఊరుకుంటుందా?

పొద్దున్నే వెళ్ళాడు. పువ్వు తెల్లగా నవ్వుతోంది. వాడి మొహం అంతకంటే తెల్లబోయింది. తలొంచుకుని వెనక్కి తిరిగేసరికి ఆమె గుమ్మంలో ఉంది.

"నీళ్ళెవరు మార్చారు?"

"నేనే. మురికిగా ఉంటేనూ..."

"అది మురికి కాదు మహానుభావా, రంగు కలిపిన నా జవాబు!"

ఆమె గ్లాసెత్తి పువ్వు వాడి కళ్ళ దగ్గర పెట్టింది. ఒక్క రేకులో, వెంట్రుకంత సన్నగా ఎర్ర గీత.

"నువ్వు పారబోసేలోపే చచ్చిన గొట్టాలు కాస్త మోసుకెళ్ళాయి."

"నాకు బుర్ర లేదని ముందే చెప్పానుగా!"

"ఉందిగా," అంది ఆమె, పక్కకొచ్చి నిలబడి. "ఇదిగో, పక్కనే."

ఇంతే కథ, అమ్మడూ. ఆ పెద్ద కణం ఇన్నేళ్ళు నవ్వుతూ బతికిందంటే అదంతా పక్కదాని చలవే. మీ నానమ్మ ఇంకా మీ అత్త వాళ్ళింట్లోనే ఉందిగా? ఫోన్ చేసి ఇది చదివి వినిపించు. బల్ల మీది పువ్వుకి నీళ్ళు మారుస్తూనే ఉన్నానని చెప్పు.