పసుపు పీపా దాకా

ఉదయం అయిదున్నర. డ్రిల్ టీచరు మంచం మీద లేచి కూర్చుంది. అలవాటుగా తలవైపు గోడ దగ్గరికి చెయ్యి చాపింది.

అక్కడ కాలు లేదు.

పదేళ్ల క్రితం లారీ గుద్ది ఆవిడ కుడికాలు మోకాలి కిందనుంచి పోయింది. ఇప్పుడు పోయింది పెట్టుడు కాలు. మొదటిసారి ఏడ్చింది. ఈసారి ఒళ్లు మండింది.

5.50కి ఆవిడ తమ్ముడు పోలీసులకి ఫోన్ చేశాడు. 6.10కి బీచ్ ఔట్‌పోస్ట్ ఎస్సై జీపు దిగింది. ముప్పై దాటిన మనిషి, రాత్రి డ్యూటీ ముఖంలోనే కనబడుతోంది. ఆకాశమంతా మబ్బు పట్టి ఉంది. గెస్ట్‌హౌస్ ముందు ఇసుకలో పెద్ద గొడుగు ఒకటి విప్పి పాతి ఉంది. వరండాలో దారికి అడ్డంగా ఉన్న గొడుగు సంచిని గోడవారకి జరిపి ఎస్సై గదిలోకి వెళ్లింది.

"చివరిసారి ఎప్పుడు చూశారు?"

"రాత్రి తొమ్మిదిన్నరకి. విప్పి గోడకి ఆనించాను."

"తలుపు గడియ?"

"పెట్టలేదు. మా అమ్మాయి లేటుగా వచ్చి పడుకుంటుంది."

"వేరే కర్రలేమైనా తెచ్చుకున్నారా?"

"చంకలో కర్రలు పెట్టుకునే మనిషిలా కనిపిస్తున్నానా?"

ఎస్సై ఆవిడ వంక చూసింది. అరవై దగ్గర పడిన మనిషి. భుజాలు మాత్రం నలభై దగ్గరే ఆగిపోయాయి. అలా కనిపించడం లేదని ఒప్పుకోక తప్పలేదు.

"మీరు ఊరెళ్లిపోండి మేడమ్. దొరికితే పంపిస్తాం."

"ఊరెళ్లడానికి నాకు కాలెందుకు? వ్యానుంది. నాకు కావలసింది ఇవాళ, ఏడుంపావు లోపల."

సంగతి ఇదీ. ఆ కుటుంబం ఏటా వేసవిలో ఏడు రోజులు ఇక్కడికే వస్తుంది. ఆరు రోజులు తినడం, పేకాడడం, ఇసుకలో దొర్లడం. ఏడో రోజు పొద్దున్నే డ్రిల్ టీచరు నీళ్ల దాకా నడిచి వెళ్లి, కాలు విప్పి కూతురి చేతికిచ్చి, దూరంగా కట్టేసిన పసుపు పీపాని ముట్టుకుని ఈదుకుంటూ వస్తుంది. నలభై నిమిషాల పని. ఎనిమిదికి అలలు పెరిగి ఎర్ర జెండా ఎగరేస్తారు. తొమ్మిదిసార్లు వెళ్లింది. నిరుడు పీపా దగ్గర కండరం పట్టేసింది. లైఫ్‌గార్డులు లాక్కొచ్చారు.

"ఇవాళ మానేస్తే ఏమవుతుంది?" అంది ఎస్సై.

"వచ్చే ఏడాది 'ఈ వయసులో మీకెందుకు' అంటారు. ఆపై ఏడాది గది బుక్ చేసేటప్పుడు నన్ను అడగనే అడగరు. మూలన కూర్చోబెట్టే పద్ధతి ఇలాగే మొదలవుతుంది. నేను కూర్చోను."

ఎస్సై వాచీ చూసుకుంది. 6.22. ఊరెళ్లిపొమ్మన్నందుకు ఆమెకి లోపల సిగ్గేసింది.

ముందు మేనేజర్. మొన్ననే ఆయన పెట్టిన ఒక బోర్డు గురించి ఆయనకీ డ్రిల్ టీచరుకీ పెద్ద గొడవ అయింది.

"ఏమని బోర్డు పెట్టారు?"

"వికలాంగులు సముద్రంలోకి దిగరాదని... ఏదైనా జరిగితే మాట పడేది నేను కదా మేడమ్."

"బోర్డు ఏది?"

"ఆవిడే పీకేశారు."

"కోపంతో కాలు తీశారా?"

"నేనా? ఆవిడ ఒంటి కాలి మీద వచ్చి తంతుందని నాకు తెలీదా మేడమ్?"

తర్వాత కూతురు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"రాత్రి భోజనాల దగ్గర మీరేమన్నారు?"

"అవసరమైతే కాలు దాచేస్తానన్నాను. నిజంగా అంత పని చేస్తానా? అమ్మ నన్ను బతకనిస్తుందా?"

"ఎన్నింటికి పడుకున్నారు?"

"పదకొండున్నరకి. చీకట్లో చూడలేదు. ఉందో లేదో తెలీదు."

చివరికి తమ్ముడు. యాభై ఏళ్ల మనిషి. సముద్రమంటే భయం. ఏడు రోజులూ మడమ కూడా తడవకుండా గడిపి వెళ్తాడు. పుట్టి మునిగినట్టు ఫోన్ చేసి పోలీసుల్ని పిలిచింది ఆయనే.

"ఎవరి మీద అనుమానం?"

"ఆ మేనేజరే. ముందు వాణ్ని లోపలెయ్యండి."

గదులు వెతికారు. డిక్కీ వెతికారు. 6.48 అయింది. ఎస్సై మళ్లీ డ్రిల్ టీచరు గదిలోకి వచ్చి మోకాళ్ల మీద కూర్చుని మంచం కిందకి చూసింది. ఒక జత షూస్. ఇందాకా చూసింది. అందరూ చూశారు. మంచం కింద షూస్ ఉంటే ఎవరికి అనుమానం వస్తుంది?

కుడి షూ చేతిలోకి తీసుకుంది. లోపల మడమ దగ్గర నలిగిన పాలిథిన్ కవరు ముక్క.

6.55కి అందరినీ వరండాలోకి పిలిచింది. కూతురి భుజం పట్టుకుని డ్రిల్ టీచరు గెంతుకుంటూ వచ్చి కుర్చీలో కూర్చుంది.

"మేడమ్, పడుకునేటప్పుడు కాలికున్న షూ విప్పుతారా?"

"లేదు. తొడిగే ఉంటుంది. ఆ పాదం వంగదు. షూ తియ్యాలన్నా వెయ్యాలన్నా గరిట కాడ పెట్టి కుస్తీ పట్టాలి."

"మరి కాలు పోయింది. షూ మాత్రం మంచం కింద ఉంది. దొంగ షూ విప్పి వెళ్లాడు. లోపల ఇది వదిలేశాడు." కవరు పైకెత్తింది. "ఇదెందుకో చెప్పగలరా?"

మేనేజర్ తల అడ్డంగా ఊపాడు. "చెత్త కాదా మేడమ్?"

"ఇసుక పోకుండానా?" అంది కూతురు.

తమ్ముడు నీళ్లు నమిలాడు. "నాకేం తెలుసు?"

డ్రిల్ టీచరు తలెత్తింది. "నీకు తెలీదా?"

కుర్చీ తమ్ముడి వైపు తిప్పుకుంది.

"వంగని పాదం మడమ వెనక కవరు దూరిస్తే షూ జారుతుంది," అంది ఆవిడ మెల్లగా. "కాలు చేసినాయన నీకే నేర్పాడు. నాకు చేతకాని మూడు నెలలూ రోజూ నువ్వే తొడిగావు, నువ్వే విప్పావు. అమ్మాయికి తెలీదు, అప్పుడు హాస్టల్లో ఉంది. నాకు అలా చేతకాక గరిట పట్టుకున్నాను. ఈ పని తెలిసింది నీ ఒక్కడికే."

ఎస్సై గోడవారనున్న గొడుగు సంచి జిప్పు లాగింది. "గొడుగు ఇసుకలో ఉంది. ఎండ లేదు, కూర్చున్నవాళ్లు లేరు. సంచి మాత్రం నిండుగా ఉంది. సన్నటి సంచి. షూతో అయితే పట్టదు."

కాలు బయటికి వచ్చింది. మెత్తటి తువ్వాలు చుట్టి, గీత పడకుండా భద్రంగా పెట్టి ఉంది.

తమ్ముడు తల దించుకున్నాడు. "నిరుడు నువ్వు మునగడం చూశానక్కా. నాకు ఈత రాదు. ఒడ్డున నిలబడి అరిచాను. ఏడాదంతా కళ్లు మూస్తే అదే. అందుకే... ఈ ఒక్క పూట గడిచిపోతే చాలనుకున్నా. తిడితే తిట్టావులే అనుకున్నా."

"బోటు మాట్లాడాను," అంది డ్రిల్ టీచరు.

"ఏంటి?"

"లైఫ్‌గార్డు బోటు. ఇవాళ నా పక్కనే వస్తుంది. వచ్చిన రోజే మాట్లాడాను. కండరం పట్టింది నాకు. నీకంటే ఎక్కువ భయం నాకుండదా? వెళ్లొద్దని అందరూ చెప్పారు. ఎలా వెళ్తావని ఒక్కరూ అడగలేదు."



"కేసు రాయమంటారా?" అంది ఎస్సై.

"వద్దు. నా తమ్ముడికి శిక్ష నేనే వేస్తాను. ఒరేయ్, ఆ కాలు ఇటు తే."

మూడు నెలల పని చేతులు మరచిపోలేదు. ఆయనే వంగి తొడిగాడు. ఆవిడ లేచి ఎవరినీ పట్టుకోకుండా ఇసుకలో నడిచింది. 7.12. నీళ్ల అంచున కూర్చుని కాలు విప్పింది. కూతురు చెయ్యి చాపింది. ఆవిడ ఇవ్వలేదు.

"నువ్వు పట్టుకోరా. ఒడ్డున కాదు. ఛాతీ లోతు దాకా వచ్చి నిలబడు. భయపడదలుచుకుంటే అక్కడ నిలబడి భయపడు."

"అక్కా, నాకు ఈత..."

"నిలబడ్డానికి ఈత రానక్కర్లేదు. కాలు తడిసిందో, ఊరుకోను."

కాసేపటికి పసుపు పీపా వైపు ఒక తల వెళ్తోంది, పక్కనే బోటు. ఇటు తమ్ముడు ఛాతీ లోతు నీళ్లలో, పళ్లు టకటకలాడుతుంటే, కాలుని రెండు చేతులతో నెత్తి మీదికి ఎత్తి పట్టుకుని ఉన్నాడు. అల వచ్చినప్పుడల్లా మునివేళ్ల మీద లేస్తున్నాడు. కళ్లు మాత్రం మూయడం లేదు.