నేల లేని కారు

"ఆ కట్టర్ కింద పెట్టండి!"

షెడ్డు గుమ్మంలోంచి వచ్చిన కేకకి గుండె గుభేలుమంది. వెల్డింగ్‌కి మనిషిని పంపమంటే వర్క్‌షాపు వాళ్లు పిడుగులాంటి అమ్మాయిని పంపారు!

తాతయ్య ఓపెన్ టాప్ కారు నేల తుప్పుపట్టి జల్లెడైపోయింది. సీట్లు, కార్పెట్, బ్యాటరీ తీసేసి, కారును స్టాండ్ల మీదికెక్కించి, పాత రేకు కోయబోతున్నాను. ఆదివారంకల్లా నేల కోసి చూపించాలి. అప్పటికి తలుపులు సరిగ్గా పడకపోతే కారు పాత సామాన్లవాడికే అని నాన్న తేల్చి చెప్పేశారు.

"పెట్రోల్ ట్యాంకు తీశారా?" అంది.

"ఎందుకండీ?"

"నాకింకా పెళ్లి కాలేదు, అందుకు."

సిగ్గుపడుతూ ట్యాంకు విప్పాను.

"దీనికి పైన కప్పు లేదు. నేలే వెన్నెముక. ఊరికే కోస్తే నడుం వంగిపోతుంది, ఇక తలుపులు జన్మలో పడవు."

"వీడియోలో అలా చెప్పలేదే?"

"వీడియోలో చూసి ఈత కూడా నేర్చుకున్నారా?"

కారు వంగకుండా తలుపుల ఖాళీలకు లోపలివైపు అడ్డంగా ఇనుప రాడ్లు వెల్డ్ చేసింది. తర్వాత మూల నుంచి మూలకి టేపు పట్టించింది.

"ఎంతొచ్చింది?"

చెప్పాను.

"రెండు సెంటీమీటర్లు తప్పు. టేపు అక్కడ, చూపు ఇక్కడ. ఇలా కొలిస్తే ఎలా బాబూ?"

దొరికిపోయాను. బయట వాన. రేకుల కప్పు మీద మోత. నా గుండె చప్పుడు వినపడకుండా దేవుడే కాపాడాడు.

నాలుగు రోజులు కోశాం. ప్రతి కోతకీ తలుపు వేసి, చెవి పెట్టి వినేది. నేను మాత్రం ఆమె మొహమే చూసేవాణ్ని.

ఆదివారం నాన్న వచ్చారు. నేరుగా కారు దగ్గరికెళ్లి తలుపు తీసి వదిలారు.

టక్!

మళ్లీ వేశారు. టక్! రెండోవైపు వెళ్లి వేశారు. టక్!

"మా నాన్న వేస్తే ఇలాగే పడేది," అన్నారు. "కారు ఎక్కడికీ పోదురా!"

గెలిచాం! ఆ ఊపులో నోరు జారింది. "కొత్త నేల వేశాక కూడా మీరు రావాలండీ. మీరంటే నాకు చాలా ఇష్టం!"

నాన్న ఎదురుగానే అనేశాను.

"సరిగ్గా కొలుచుకునే చెప్తున్నారా?" అందామె, నవ్వు ఆపుకుంటూ.

"వాడి కొలతలు నమ్మకు తల్లీ," అన్నారు నాన్న. "నువ్వే ఓసారి సరిచూసుకో. సరిపోతే మాకంటే సంతోషించేవాళ్లుండరు."

ఆమె తలుపు తీసి, అడ్డరాడ్ల మధ్య నుంచి దూరి కారెక్కింది. నేను అటువైపు నుంచి ఎక్కాను. పైన కప్పు లేదు, కింద నేల లేదు. షెడ్డు గచ్చు మీదే కాళ్లు పెట్టి ఇద్దరం పక్కపక్కనే నిలబడ్డాం.

"సరిపోయింది," అంటూ తన వైపు తలుపు వేసింది.

టక్!