ఫ్రీజర్‌లో దాచిన నేరేడు పండ్లు

"తలుపు దగ్గరికెయ్యవే దీపా, చలి పెడతాంది," అంది శ్రావణి మంచం మీద నుంచే.

దీప తలుపు వేయలేదు. చేతిలో నేరేడు పండ్ల కవరుతో గడపలోనే నిలబడిపోయింది. స్కూలు వదలగానే యూనిఫాం కూడా మార్చుకోకుండా పరుగెత్తుకొచ్చింది పాపం. వచ్చి చూస్తే శ్రావణి దుప్పటి కప్పుకుని పడుకుని ఉంది. మొహం ఇంతైపోయింది.

"టైఫాయిడ్ అంట," అంది శ్రావణి వాళ్ళమ్మ వరలక్ష్మి. "నెల రోజులు జావ, మెత్తటి అన్నమే పెట్టుమన్నరు దవాఖానల. పండ్లు గిండ్లు బంద్. అవి దానికి కనబడనియ్యకు బిడ్డా."

కవరు అప్పటికే శ్రావణి కంట పడింది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నెలంటే నేరేడు పండ్లు అయిపోతయ్ గదా. ఈసారి మన పందెం లేనట్టే."

ఆ పందెం సంగతి మీకు చెప్పాలి. దీప, శ్రావణి ఇద్దరిదీ వరంగల్‌లో కొత్తవాడ. ఇళ్ళు ఎదురుబొదురు. ఏటా నేరేడు పండ్లు రాగానే చెరో గిన్నెడు పండ్లకు ఉప్పు రాసి ముందు పెట్టుకుంటారు. "ఒకటి, రెండు, మూడు" అనుకుని మొదలుపెడతారు. ఒకరి గిన్నె ఖాళీ కాగానే ఇద్దరూ తినడం ఆపి అద్దం ముందు నాలుకలు చాపుతారు. ఎవరి నాలుక ఎక్కువ ఊదాగా ఉంటే వాళ్ళది గెలుపు.

ప్రతి ఏడూ దీపే గెలిచేది. ఎందుకంటారా? "రెండు" అనేసరికే ఆమె నోట్లో పండు ఉండేది. మూడు అన్నాకే తినాలని శ్రావణి మొత్తుకున్నా వినేది కాదు. దీపకు దేనికీ మూడు దాకా ఆగడం చేతకాదు.

అయితే ఒక్క మాట. దీప పట్టు పడితే మాత్రం వదలదు.

"నీకు నయమయ్యేదాక పండ్లు ఉంటయ్. నేనుంచుత," అంది.

"ఎట్ల?"

"ఎట్లనో అట్ల. ఉంటయ్ అంటే ఉంటయ్."

ఇంటికి రాగానే దీప అమ్మ ఫోన్ తీసుకుంది. అమ్మ పద్మలత మగ్గం మీద జంపఖానా నేస్తోంది. పక్కన బాపమ్మ, అంటే నాన్నమ్మ చిలుకమ్మ, నూలు ఉండలు చుడుతోంది. ఫోన్‌లో ఒక తెల్లావిడ బ్లూబెర్రీలు దాచే వీడియో దొరికింది. అవి నేరేడు పండ్లకు చిన్న చెల్లెళ్ళలా ఉన్నాయి. ఆవిడ వాటిని కడిగింది. ఆ తర్వాత ఏదో చాలాసేపు చేస్తోంది. దీపకు విసుగొచ్చింది. వేలితో వీడియోను చివరికి జరిపేసింది. చివర్లో ఆవిడ పండ్ల సంచిని ఫ్రీజర్‌లో పెట్టి నవ్వుతోంది.

"ఓస్, ఇంతేనా," అనుకుంది దీప.

పండ్లు గబగబా కడిగింది. నీళ్ళు కారుతుండగానే కవరులో పోసి ముడి వేసింది.

"జర తడి ఆరనియ్యి బిడ్డా," అంది బాపమ్మ. "గంత తొందరేంది?"

"నాకు తెల్సు బాపమ్మా. వీడియోల చూసిన."

కవరు ఫ్రీజర్‌లోకి వెళ్ళింది. దీప ఎదురింటికి పరుగెత్తి, "ఫికర్ చెయ్యకు, అయిపోయింది," అని చెప్పేసి కూడా వచ్చింది.

మర్నాడు స్కూలు నుంచి రాగానే ఫ్రీజర్ తెరిచింది. కవరు తీస్తే ఇటుకలా ఉంది. పండ్లన్నీ ఒకదానికొకటి అతుక్కుని ఒకే గడ్డ అయ్యాయి. ఒక్క పండు కూడా విడిగా రాలేదు. దీపకు కోపం వచ్చింది. పచ్చడి బండతో కొట్టింది. పండ్లు చిట్లాయి కానీ గడ్డ విడలేదు. వేడినీళ్ళలో వేసింది. గడ్డ విడింది, పండ్లు మాత్రం మెత్తగా పిసపిసలాడుతూ పిప్పి అయిపోయాయి. నేల మీదా, గౌను మీదా ఊదా మరకలే మరకలు.

అప్పుడిక ఏడుపు ఆగలేదు. శ్రావణికి అయిపోయిందని చెప్పేసింది కదా మరి.

బాపమ్మ వచ్చి పక్కన కూర్చుంది. గిన్నె దగ్గరికి లాక్కుని పండ్లను చేత్తో పిసికింది.

"సూడు, గింజ ఎంత అల్కగ ఊడొస్తాందో," అంటూ గుజ్జు తీసింది. దానిలో బెల్లం, చిటికెడు ఉప్పు వేసి కాచింది. వడపోసి షర్బత్ చేసి గ్లాసులో ఇచ్చింది.

"నాకద్దు," అని దీప మూతి ముడుచుకుంది. షర్బత్ అమ్మ తాగింది, బాగుందంది. దీపకు ఇంకా ఒళ్ళు మండింది.

రాత్రి బాపు ఆటో పెట్టి ఇంట్లోకి రాగానే దీప అడిగింది. "బాపూ, మళ్ళ నేరేడు పండ్లు కావాలె."

"యాడియే తల్లీ? వానలకు అన్ని రాలిపోయినయ్. మార్కెట్ల కనబడ్తలేవు."

"వర్ధన్నపేట పోయే తొవ్వల చెట్లున్నయన్నవ్ గదా. నేనే ఏరుకుంట. తీస్కపో చాలు."

బాపు కూతురి మొహం చూశాడు. ఇక ఆ పట్టు ముందు తన మాట సాగదని ఆయనకు తెలుసు. "సరే, ఆదివారం పోదాం. సారంగపాణి మామ చెలకల ఒక్క చెట్టుకు ఉంటే ఉంటయ్," అన్నాడు.

ఆదివారం లోపల దీప ఇంకో పని చేసింది. వీడియో మళ్ళీ పెట్టింది. వేలు ఊరుకోదని రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది. మొదటి నుంచి చివరి దాకా చూసింది. మాటలు అర్థం కాకపోయినా పని అర్థమైంది. ఆవిడ పండ్లను బట్ట మీద పరిచింది. పూర్తిగా ఆరనిచ్చింది. ఆ తర్వాత పళ్ళెంలో దూరదూరంగా పేర్చి ఫ్రీజర్‌లో పెట్టింది. గట్టిపడ్డాకే సంచిలో పోసింది. వాడేటప్పుడు కూడా కరగబెట్టలేదు. గడ్డకట్టినవాటినే తీసి పొయ్యి మీది గిన్నెలో వేసింది.

"బాపమ్మా, ఆమె గూడ తడి ఆరనిచ్చింది," అంది దీప మెల్లగా. "పండుకు పండు తాకకుంట పెట్టింది."

"మరి వడియాలు పెట్టేటప్పుడు నేను జేసేదేంది? తాకినయంటే అతుక్కుంటయ్," అంది బాపమ్మ. "నువ్వు ఎన్నడన్న ఆగి సూస్తివా?"

దీప తల దించుకుంది. నిజమే, వడియాలు ఎండాక తినడమే తప్ప పెట్టేటప్పుడు ఏనాడూ చూడలేదు.

ఆదివారం మామ చెలకలో, ఆ మెట్టచేనులో, నేలంతా బురద. అమ్మ ఇచ్చిన పాత జంపఖానాను చెట్టు కింద పరిచారు. బాపు కొమ్మ ఊపాడు. టపటపా నాలుగు పండ్లు రాలాయి. మళ్ళీ ఊపాడు. దీప వంగి వంగి, చిట్లినవీ పురుగు పట్టినవీ తీసేసి, మంచివే ఏరింది. నడుము నొప్పి పుట్టినా, పైన జల్లు మొదలైనా కదల్లేదు. చివరికి చిన్న టిఫిన్ డబ్బా నిండింది. చెట్టు మీద ఇంకేం మిగల్లేదు. ఇవి పాడైతే మళ్ళీ దొరకవు.

ఇంటికొచ్చి కడిగి, మెత్తటి బట్ట మీద పరిచింది. ముసురుకు తొందరగా ఆరలేదు. ఫ్యాను కింద కూర్చుని ఒక్కో పండునూ తుడిచింది. ప్లేట్లో ఒకదానికొకటి తగలకుండా పేర్చింది.

"ఆరినయా బాపమ్మా?"

బాపమ్మ వేలితో తడిమి చూసింది. "ఇంకొంచెం."

దీప కూర్చుంది. ఎంత కష్టమైందో ఆమెకే తెలుసు, కానీ బాపమ్మ సరే అన్నాకే లేచి ప్లేటు ఫ్రీజర్‌లో పెట్టింది.

మర్నాడు ప్లేటు తీస్తే పండ్లు గోలీల్లా గలగలమన్నాయి. దేనికదే విడిగా ఉంది. వాటిని సంచిలో పోసి ఫ్రీజర్ మూలన పెట్టింది. ఆ తర్వాత ఎన్నిసార్లు నోరూరినా ఒక్కటీ తీయలేదు.

నెల గడిచింది. డాక్టర్ పండ్లు తినొచ్చు అన్న రోజే దీప సంచితో ఎదురింటికి వెళ్ళింది. శ్రావణి లేచి కూర్చుని ఉంది. సంచి చూడగానే ఆమె మొహం వెలిగింది. దీప సంచి విప్పబోయి ఆగింది.

"అత్తా, ఇవి ఐసు లెక్క ఉంటయ్. తినొచ్చా?" అని అడిగింది.

"వద్దు బిడ్డా," అంది వరలక్ష్మి. "చల్లటివి ఇంకొన్నాళ్ళు పెట్టద్దన్నరు. ఏమనుకోకు."

శ్రావణి మొహం మళ్ళీ చిన్నబోయింది. ఇంత చేసి, ఇంత ఆగి, చివరికి ఇదా అనిపించింది దీపకు. సంచి పట్టుకుని గడప దాకా వెళ్ళింది. అప్పుడు బాపమ్మ గిన్నె గుర్తొచ్చింది.

"వేడి చేసి షర్బత్ చేస్తే తాగొచ్చా అత్తా?"

"కాచింది అయితే ఏం గాదు."

దీప ఇంటికెళ్ళి బాపమ్మ చేయి పట్టుకుంది. "ఆనాడు నేను తాగలే గదా, ఆ షర్బత్ నాకు నేర్పియ్యి. మొత్తం చెప్పు, మొదటినుంచి."

బాపమ్మ నవ్వి లేచింది. ఎదురింటి వంటింట్లో ఆమె చెబుతుంటే దీప చేసింది. గడ్డకట్టిన పండ్లనే పొయ్యి మీది గిన్నెలో వేసింది. అవి మెత్తబడేదాకా కలిపింది. గింజలు తీసి, బెల్లం, ఉప్పు వేసి కాచి, వడపోసింది. ఊదా రంగు షర్బత్ రెండు స్టీలు గ్లాసుల్లో మంచం దగ్గరికి వచ్చింది. గోరువెచ్చగా అయ్యేదాకా ఇద్దరూ గ్లాసుల వంకే చూస్తూ కూర్చున్నారు.

"పందెమేనా?" అంది శ్రావణి.

"పందెమే. నువ్వే లెక్కపెట్టు."

"ఒకటి," అంది శ్రావణి. ఇద్దరూ గ్లాసులు పట్టుకున్నారు.

"రెండు."

శ్రావణి కావాలనే అక్కడ ఆగింది. ఓరకంట దీపను చూసింది. దీప గ్లాసు ఒడిలోనే ఉంది. రెండు చేతులూ దాని చుట్టూ ఉన్నాయి. పెదవులు గట్టిగా మూసుకుని ఆమె శ్రావణి వైపే చూస్తోంది.

"మూడు."

అప్పుడే దీప గ్లాసు ఎత్తింది.

గ్లాసులు ఖాళీ అయ్యాక అద్దం ముందు ఇద్దరూ నాలుకలు చాపారు. శ్రావణి నాలుకే ఎక్కువ ఊదాగా ఉంది.

"నువ్వే గెలిచినవే," అంది దీప, వరలక్ష్మి అత్తకు కూడా వినబడేలా.