నడిమి అర్ర తలుపు

సిరిసిల్ల నేతవాడలో కిష్టవ్వ ఇంటి నడిమి అర్రకు చెడ్డపేరు వచ్చి ఆరు నెలలు దాటింది. రాత్రి సాంచల, అంటే మరమగ్గాల, మోత ఆగి, వాడ మాటు మణిగిన వేళ, మూసి ఉన్న ఆ తలుపు మీద ఎవరో రెండుసార్లు కొడతారట — టక్... టక్. మూడో దెబ్బ ఉండదట. గోడ పక్కనున్న లక్ష్మవ్వ విన్నది. ఎదురింటివారు విన్నారు. వినలేదన్నది ఒక్క కిష్టవ్వే.

ఆమె భర్త రాజనర్సు ఆ అర్రలోనే రెండేళ్లు మంచం పట్టి, ధనిష్ఠా నక్షత్రాన కన్నుమూశాడు. ఆరు మాసాలు గది మూయమన్నాడు పంతులు. గొళ్ళెం పడింది. గడువు తీరినా తీసినవారు లేరు. కిష్టవ్వకు భయమూ లేదు, దుఃఖమూ లేదు. తింటే ఉప్పు తెలియదు, ఎండన కూర్చుంటే వేడి తెలియదు.

ఆ తలుపు చప్పుడు మాట కోరుట్లలోని వియ్యపురాలు ఊర్మిల చెవిన పడింది.

"వదినె, గా తలుపున్న ఇంటికి కడుపుతోటున్న పిల్లను ఎట్ల పంపుత? తీసేయించు, అప్పుడు చూద్దాం."

తొలి కాన్పుకు కూతురు అలేఖ్య తన చేతుల మీదికి వస్తుందా, రాదా... కిష్టవ్వకు మిగిలిన చింత అదొక్కటే. లోపలి తలుపులు మూడూ మార్చమని వడ్రంగి ఎల్లేశానికి చెప్పింది. కొత్తవి తెచ్చి అరుగు మీద ఆనించి పోయాడతడు.

"రేపు పొద్దుగాల్నే అస్త, చిన్నమ్మా. తలుపుల కాడ ఒక్క గిన్నె ఉండొద్దు. నేను తలుపులు వెట్టనీకె అస్తున్న, నీ బియ్యం బస్తాలు మొయ్యనీకె కాదు."

పొద్దంతా ఆ పనే. పరదాలు దిగాయి, బస్తాలు జరిగాయి, రంపపు పొట్టు పడకుండా దేవుని పటాలకు పాతచీర కప్పారు. మిగిలింది నడిమి అర్ర. సాయం వచ్చిన లక్ష్మవ్వ అక్కడ ఆగింది.

"అది ఎల్లేశమే తీస్తడు తియ్యక్కా. లోపల ఏమన్న ఉంటే మొదలు ఆయన్నే పట్టుకుంటది."

"పొద్దుగాల యాళ్ల ఉండదు," అన్నది కిష్టవ్వ.

పని మిగలడంతో ఆ రాత్రి ఇద్దరూ బయటి అర్రలో చాపలు పరుచుకున్నారు. పది గంటలైంది. సాంచలు ఒక్కొక్కటే ఆగాయి. ఆ మీదట... వట్టి నిశ్శబ్దం.

సామాను తీయాలి కదా అనుకొని కిష్టవ్వ లేచింది. చీకటిలోనే నడిచి తలుపు ముందు నిలిచింది.

వెనుక లక్ష్మవ్వ దిగ్గున లేచి కూర్చున్నది.

"అక్కా... ఇన్నవా?"

"ఏంది?"

"టక్... టక్... గిప్పుడే. గదే సప్పుడు."

"నాకు ఇనవడలే."

లక్ష్మవ్వ ఫోను లైటు వేసింది. వెలుతురు తలుపు మీదికి పాకి... ఒకచోట నిలిచిపోయింది.

"అక్కా... నీ చెయ్యి సూడు."

కిష్టవ్వ చూసింది. కుడిచెయ్యి పైకి లేచి ఉంది. వంచిన వేళ్ల కణుపులు చెక్కకు ఆని ఉన్నాయి. వాటి కింద రూపాయి బిళ్లంత మేర రంగు అరిగి, కట్టె బయటపడింది. కణుపుల మీద చర్మం నల్లబడి కాయకాచింది.

రెండేళ్లు, ప్రతి రాత్రీ పది గంటలకు, మందు పట్టుకొని వచ్చి ఆమె రెండుసార్లు కొట్టేది. లోపలి మనిషి బట్ట సర్దుకునేదాకా ఆగేది. సిగ్గెరిగిన మనిషి. ఆయన పోయినట్టు ఆ చేతికి ఎవరూ చెప్పలేదు.

"గిన్ని దినాలు నువ్వే కొడుతున్నవా అక్కా?"

"ఏమో... తెల్వది."

గొళ్ళెం తీసి, మంచమూ మందుసీసాలూ ఇద్దరూ బయట పెట్టారు. కన్నీరు వస్తుందేమోనని కిష్టవ్వ కొంతసేపు చూసింది. రాలేదు.

తెల్లవారి ఎల్లేశం పాత తలుపులు మూడూ ఊడదీసి, కొత్తవి రెండు బిగించాడు. మూడోది ఎత్తబోతుండగా ఆమె అడ్డం వచ్చింది.

"గీ అర్రకు వద్దు, ఎల్లేశం."

"తయారయినంక వద్దంటవేంది చిన్నమ్మా? మరి ఏం వెడ్తవు?"

కిష్టవ్వ కుడిచేతిని కొంగులో దాచుకున్నది.

"పరదా ఏస్త. బట్ట మీద కొడితే సప్పుడు రాదు... బిడ్డ పండుకుంటది."