ఓవెన్ లైటు కింద సీసా

“రేపు పొద్దున ఈ కాలు మోకాలి కింద తీసేస్తారు,” అన్నాడు లక్ష్మీపతి, కుర్చీ మీద చాపుకున్న కట్టు కాలిని అది మరెవరిదో అన్నట్టు చూస్తూ. “ఈలోగా సీసా దొరికితే తీయరు. నీ అసైన్‌మెంట్ అంతే.”

అమెరికాలోని మోరిస్‌విల్‌లో ఒక ఇన్సూరెన్స్ ఆఫీసు బోర్డు వెనక నడిచేది గూఢచారి విభాగమని పక్క షాపువాళ్లకు కూడా తెలియదు. దాని చీఫ్ లక్ష్మీపతి. ఎదురుగా నిలబడ్డవాడు ఏజెంట్ హర్షవర్ధన్. అతనికి పని నేర్పింది ఈ లక్ష్మీపతే.

“సీసాలో ఏముంది సార్?”

“కొలాజెన్, ఒంట్లో కండనీ చర్మాన్నీ పట్టి ఉంచే ప్రొటీన్. అందులో నా కణాలే కలిపారు. షుగర్‌తో ఈ పాదానికి రక్తం అందడం లేదు కదా. కొత్త రక్తనాళం మొలవాలంటే కణాలు చుట్టూ ఉన్న కొలాజెన్ అల్లికను కోసుకుంటూ దారి చేసుకోవాలి. వెనకాలే మళ్లీ అల్లుకుంటూ గోడ కట్టుకోవాలి. తక్కువ కోస్తే దారి లేదు, ఎక్కువ కోస్తే గోడ నిలవదు. సరిగ్గా కావలసినంతే కోయనిచ్చే అల్లిక ఇది. ఉన్నది ఒక్క సీసా. నిన్న ఒక విదేశీ ముఠా ల్యాబ్ నుంచి కొట్టేసింది.”

“వాళ్లు దానికి నకలు తీస్తారా?”

“ఐస్‌లో ద్రవంగా ఉన్నంతసేపే అది సాధ్యం. ఒంటి వేడంత వెచ్చదనం తగిలిందంటే గడ్డకడుతుంది, కణాలు లేచి కోత మొదలుపెడతాయి. ఇక అసలు అల్లిక ఎవరికీ అంతుపట్టదు. నా పుండులో పెట్టాల్సింది మాత్రం ఆ గడ్డనే.”

“కొరియర్ ఎవరు?”

లక్ష్మీపతి కళ్లు దించుకున్నాడు. “దేదీప్య.”

ఒకప్పుడు ఇదే విభాగంలో హర్షకు పార్ట్‌నర్. భార్య కూడా. షికాగో ఎయిర్‌పోర్ట్‌లో ఆమె సెక్యూరిటీ లైన్లోకి వెళ్లిపోతుంటే అతను చెయ్యి కూడా ఊపలేకపోయాడు. ముఠాలో చేరిందని తర్వాత తెలిసింది. ఆ ఊపని చెయ్యి అప్పటినుంచీ అతనికి బరువుగానే ఉంది.

“వెళ్లి పట్టుకుంటాను సార్.”

“పట్టుకోలేవు. సీసా పైమూతలో యాసిడ్ ఉంది. దాని రిమోట్ ఆమె వేలి ఉంగరం. అది ఎంత దూరం నుంచి నొక్కినా సూది రబ్బరు బిరడాలోంచి దిగుతుంది, అంతా బూడిద. మధ్యాహ్నం ఇక్కడి తెలుగువాళ్లకు శ్రీవిద్య గారింట్లో భోజనాలు. సీసా కొనేవాడు అక్కడికే వస్తాడు. ఉంగరం వేలినుంచి తీసి అతనికిచ్చే క్షణం ఒక్కటే నీది. అంతవరకూ చూస్తూ ఉండు.”

చూస్తూ ఉండటం హర్షకు అలవాటే.

* * *

పెట్టుడు మీసం, లావుపాటి కళ్లద్దాలు, హెచ్-వన్ వీసా స్టాంపింగ్ బెంగతో నలిగిన ఇంజనీర్ వేషం. హర్ష పళ్లెం పట్టుకుని గోడవారగా నిలబడ్డాడు. చెవిలో ఇయర్‌ఫోన్, కాలర్‌లో మైక్.

దేదీప్య ఎర్ర పట్టుచీరలో వచ్చింది. హాల్లో మాటలు ఆగాయి. చేతిలో చిన్న ఐస్ పెట్టె.

“ఏంటమ్మా అది?” అంది శ్రీవిద్య గరిటె ఊపుతూ.

“పెరుగు తోడు, ఆంటీ. ఒకరికివ్వాలి.”

“తోడుని ఐస్‌లో పెడతారటే ఎవరైనా? చచ్చూరుకుంటుంది! ఇక్కడ మంచి తోడు దొరక్క నేను న్యూజెర్సీ ప్లెయిన్స్‌బరోలో ఉన్న మా చెల్లెల్ని బతిమాలి తెప్పించుకుంటున్నా. ఇటివ్వు. నా పాలగిన్నె ఓవెన్‌లోనే ఉంది, ఉత్త లైటేసి పెట్టా. పక్కన వెచ్చబడితే లేస్తుంది. ఓ చెంచాడు నేనూ వేసుకుంటా.”

దేదీప్య ఐస్ పెట్టె వంక చూసి, దాన్ని ముందుకు చాపింది.

“మీ ఇష్టం, ఆంటీ.”

ఇద్దరూ వంటింట్లోకి వెళ్లారు. హర్షకు శ్రీవిద్య వీపు, తెరిచిన ఓవెన్ తలుపు మాత్రమే కనిపించాయి.

“సార్,” అన్నాడు మైక్‌లో, “సీసా ఓవెన్‌లో పెట్టేశారు.”

“బేకింగా?”

“లైటు మాత్రమే. పెరుగు కోసం.”

చెవిలో లక్ష్మీపతి గొంతు పెరిగింది. “ఆపగలవా?”

“ఉంగరం ఆమె వేలికే ఉంది సార్.”

“అయితే తిను,” అన్నాడు లక్ష్మీపతి నీరసంగా.

హర్ష తిన్నాడు. పప్పు రుచి తెలియలేదు. ఓవెన్ అద్దం వెనక పసుపుపచ్చ వెలుగులో తన గురువుగారి కాలు ఉడుకుతోందో, బతుకుతోందో అర్థం కావడం లేదు. అడుగు ముందుకేస్తే అంతా పోతుంది. వేయకపోయినా పోవచ్చు.

కొనేవాడు వచ్చాడు. ఊళ్లో సగంమందికి ఇళ్లు చూపించిన రియల్టర్ తేజేశ్వర్!

“ఇల్లు తూర్పు ముఖమేనా?” అన్నాడు దేదీప్యతో.

“కాదు, వాస్తు మార్పించారు.”

కోడ్ కలిసింది. ఉంగరం తీయడానికి ఆమె రెండో చెయ్యి దాని మీదికి వెళ్లింది. హర్ష పళ్లెం దించబోయాడు. సరిగ్గా అప్పుడే శ్రీవిద్య సీసాని తలకిందులుగా పట్టుకుని వంటింట్లోంచి వచ్చింది.

“ఇదేం తోడమ్మా! బిరడా తీయకముందే గట్టిపడి కూర్చుంది, చుక్క జారదే!”

తేజేశ్వర్ మొహం మాడిపోయింది. చెయ్యి కోటు జేబులోకి పోయింది. “నొక్కు,” అన్నాడు పళ్లబిగువున. “మనకు దక్కనిది ఎవరికీ దక్కకూడదు.”

“దీపూ, వద్దు!”

హర్ష పరిగెత్తాడు. మధ్యలో టేబుల్, కుర్చీలు, ఎవరి పిల్లలో. మీసం ఊడి పప్పులో పడింది. దేదీప్య తల తిప్పి అతన్ని చూసింది. చూస్తూనే నొక్కింది.

వంటింటి సింక్‌లో ఏదో చుయ్‌మంది. పొగ లేచింది.

“నా గరిటె!” శ్రీవిద్య కేక పెట్టింది. “ఆ దిమ్మె మూత ఓవెన్‌లో కరిగిపోతుందని ఇందాకే పీకి సింక్‌లో పడేశా, ఏముందే అందులో?”

తేజేశ్వర్ గుమ్మం దాకా పరిగెత్తాడు. అక్కడ గడ్డి కోసేవాళ్ల వేషంలో ఉన్న విభాగంవాళ్లు అతన్ని ఒడిసి పట్టారు.

సీసాతో ఒక కారు ఆస్పత్రికి వెళ్లింది. రెండో కారులో దేదీప్యను ఎక్కించారు. హర్ష ఆ కారు కిటికీ దగ్గరికి వెళ్లాడు.

“మూత తీసేటప్పుడు పక్కనే ఉన్నావు. వెచ్చబడితే ఏమవుతుందో నీకు తెలుసు. ఎందుకు ఆపలేదు?”

“ఆంటీలను ఆపడం ఎవరి తరం?” అని నవ్వబోయి మానేసింది. “సార్ కాలు జాగ్రత్త.”

అద్దం పైకి లేచింది. ఈసారి హర్ష చెయ్యి ఊపాడు. నల్లటి అద్దం. ఆమె చూసిందో లేదో తెలియలేదు.

* * *

కొన్ని వారాల తర్వాత లక్ష్మీపతి పాదం మీద డాక్టర్ చిన్న పరికరం ఆనించింది. గదిలో హుష్, హుష్ మని రక్తం నడిచే చప్పుడు. ఆయన బొటనవేలు కదిపి, కళ్లు తుడుచుకుని, పెన్ను తీశాడు.

“రిపోర్ట్ రాయాలి. దేదీప్య గురించి నేను రాస్తాలే. మరి ఏజెంట్ హర్షవర్ధన్ చేసిన పని?”

హర్ష పై పెదవి మీద ఇప్పుడు లేని మీసాన్ని తడుముకున్నాడు.

“మారు పప్పు వడ్డించుకున్నాను సార్.”